చెప్పుల పెట్టెల్లో లైబ్రరీ

ఆ వసంతం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: బేరాలు తగ్గిన చెప్పుల కొట్టు, దాని వెనక గది నిండా ఖాళీ అట్టపెట్టెలు, కావలసినంత తీరిక, ఆ తీరిక మీద కన్నేసిన చెల్లెలు. చలికాలం బూట్ల అమ్మకం అయిపోయింది. బడి బూట్ల సీజను ఇంకా రాలేదు. ఈ మధ్యలో మాలాంటి కొట్లవాళ్ళకి ఈగలు తోలుకోవడమే వ్యాపారం. ఆ సంగతి మా చెల్లెలికి బాగా తెలుసు.

ఆమె హైస్కూల్లో లైబ్రేరియన్. పిల్లలు చాటుగా తాళం మేడం అంటారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆమె చేరినప్పటి నుంచి ఆ లైబ్రరీలో ఒక్క పుస్తకం పోలేదు. బయటికి వెళ్తే కదా పోవడానికి! బీరువాలన్నిటికీ తాళాలే. పుస్తకం కావాలని ఎవరైనా వస్తే ముందు చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తుంది. తర్వాత ఎందుకని అడుగుతుంది. ఆ తర్వాత ఇక్కడే కూర్చుని చదువుకోమంటుంది. అప్పటికి గంట కొడతారు. నేను సరుకు అమ్ముకుని బతికేవాణ్ణి. కదలని సరుకు చూస్తే నాకు ఒంట్లో నలతగా ఉంటుంది. ఆ మాటంటే, నీవి చెప్పులు, నావి పుస్తకాలు అని తీసిపారేసేది.

వసంతంలో వారానికోసారి లైబ్రరీ వార్తలు గేటు దగ్గర బోర్డు మీద రాయాలని హెడ్మాస్టరు ఆ ఏడు కొత్తగా నియమం పెట్టాడు. మొదటి వారం మా చెల్లెలు రాసిన వార్త, ‘పుస్తకాలన్నీ భద్రంగా ఉన్నాయి.’ రెండో వారం, ‘ఈ వారం కూడా పుస్తకాలన్నీ భద్రంగా ఉన్నాయి.’ మూడో వారం హెడ్మాస్టరు ఆమెను పిలిపించి, అంత భద్రంగా ఉన్నవాటికి అంత పెద్ద గది దేనికమ్మా అని అడిగాడు. పరీక్షల బల్లలు పెట్టుకోవడానికి ఆయనకు చోటు చాలడం లేదట. వసంతం అయ్యేలోపు పిల్లలు పుస్తకాలు వాడుతున్నట్టు కనబడకపోతే గది తీసుకుంటానన్నాడు. ఆమెను ఆఫీసులో రసీదులు రాసే బల్ల దగ్గరికి మారుస్తానన్నాడు.

ఆ సాయంత్రం ఆమె కొట్టుకొచ్చి, కొనేవాళ్ళు చెప్పులు తొడిగి చూసుకునే స్టూలు మీద కూలబడింది. ఇద్దరు గిరాకీలు వచ్చి కూర్చోవడానికి చోటు లేక వెళ్ళిపోయారు.

“ఆ ఆఫీసులో నేను బతకలేను అన్నయ్యా,” అంది.

లోపలి నుంచి మా ఆవిడ అందుకుంది. “ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే మీ చెల్లెలు రేపటి నుంచి ఆ స్టూలు మీదే కాపురం పెడుతుంది.”

“నీ తమ్ముడికి వండిపెట్టడం తప్పుతుందంటే ఇప్పుడే పెడతా వదినా,” అంది ఇది, ముక్కు తుడుచుకుంటూనే. దాని మొగుణ్ణి మా ఆవిడ తమ్ముడని పిలవడం అలవాటు.

నేను ఆలోచించాను. మూత ఉన్న పెట్టె చేతిలో పెడితే తెరవకుండా ఉండగల మనిషిని నా వ్యాపారంలో ఇంతవరకు చూడలేదు. పుస్తకాలను పెట్టెల్లో పెడదామన్నాను. ఒక్కో పెట్టెలో ఒక్కో పుస్తకం. మూత మీద పేరు ఉండదు, ఆ పుస్తకంలోంచే ఒక మంచి వాక్యం ఉంటుంది. నచ్చిన పెట్టె తీసుకుని ఇంటికెళ్ళి తెరవాలి. బోర్డు మీద ‘వసంతం పెట్టెలు వచ్చాయి’ అని రాస్తే చాలు, మిగతా ప్రచారం పిల్లలే చేసిపెడతారు.

పుస్తకాలు ఇంటికా అని మా చెల్లెలు ఒంటికాలి మీద లేచింది. గది కావాలో తాళాలు కావాలో తేల్చుకోమన్నాను. ముఖం గంటు పెట్టుకునే వాక్యాలన్నీ రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఆ మాట నేను ఒప్పుకుంటాను.

తప్పు జరిగింది పెట్టెలు సర్దేటప్పుడు. చెప్పుల పెట్టెకు ఒక పక్క సైజు అంకె ఉంటుంది. ఆ పక్క బయటికి కనబడేలా పెట్టడం మాకు ఊపిరి పీల్చడంలాంటిది, చెయ్యి తనంతట తనే తిప్పేస్తుంది. చేతికందిన పుస్తకం చేతికందిన పెట్టెలో పడేసి, దాని వాక్యం చీటీ మూత మీద అంటించి, కొట్లో సర్దినట్టే చిన్న అంకెల నుంచి పెద్ద అంకెల దాకా వరసగా పేర్చాను. మూత మీద ముత్యాల్లాంటి వాక్యాలు పైకి చూస్తూ ఉండిపోయాయి.

పిల్లలు వాక్యాలు చదవలేదు. అంకెలు చూశారు. ఎవడి కాలి సైజు పెట్టె వాడు తీసుకుపోయాడు.

వాలీబాల్ ఆడే ఆజానుబాహుడు ఒకడు తన సైజు పెట్టె వెతుక్కుని మరీ పట్టుకెళ్ళాడు. ఇంటికెళ్ళి తెరిస్తే అందులో కుందేలుపిల్ల కథలు. ఆరో తరగతిలో గుప్పెడంత పిల్లకి చట్టాల చరిత్ర వచ్చింది. ఆ పిల్ల మర్నాడు మా చెల్లెలి దగ్గరికొచ్చి, “మేడం, ఇది నాకు వదులుగా ఉంది,” అందట.

మా చెల్లెలు నా మీదికి వచ్చిన రావడం నేను రాయను. అయినా సరుకు కదిలిందిగా అన్నాను. నిజంగానే కదిలింది, కదలవలసినదానికన్నా ఎక్కువ కదిలింది. చెప్పుల కొట్లో సైజు మార్చుకోవాలంటే మళ్ళీ కౌంటరు దగ్గరికే రావాలి. ఈ పిల్లలకు ఆ పద్ధతి ఎవరు చెప్పారు? మెట్ల మీద, సైకిల్ స్టాండులో, గేటు బయట, ఎక్కడపడితే అక్కడ మార్చేసుకున్నారు. ఒకరి పేరున ఉన్న పుస్తకం ఇంకొకరి దగ్గరుంది, ఆ ఇంకొకరు దాన్ని అక్కకిచ్చారు, అక్క స్నేహితురాలికిచ్చింది. చదివినవాళ్ళు నీది ఎలా ఉందని అడగడం, కావాలని పోట్లాడుకోవడం మొదలైంది. కుందేలుపిల్ల కథల కోసం పదో తరగతి మగపిల్లలు వంతులు వేసుకున్నారని విన్నాను. బీరువాల్లో ఉన్నవి కూడా పెట్టెలకెక్కి వెళ్ళిపోయాయి. మా చెల్లెలు ఖాళీ బీరువాల ముందు దొంగలు పడ్డ ఇంటి ఇల్లాలిలా నిలబడింది.

గది దక్కిందని నేను చేతులు దులుపుకున్నాను. అప్పుడు హెడ్మాస్టరు చూడడానికొచ్చాడు. గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ కలయజూశాడు. ముఖం వెలిగిపోయింది.

“మంచి పని చేశావమ్మా. నేను చెప్పకముందే ఖాళీ చేసేశావు.”

పుస్తకాలు పిల్లల దగ్గరున్నాయని, చదువుతున్నారని మా చెల్లెలు మొత్తుకుంది.

“అదే నేనూ అంటున్నాను. ఇళ్ళల్లో హాయిగా చదువుకుంటున్నారు. ఇంక గదితో ఏం పని?”

ఆ మధ్యాహ్నమే బల్లలు తెచ్చి పేర్చారు. మా చెల్లెల్ని రసీదుల దగ్గర కూర్చోబెట్టారు. బీరువాలు నిండుగా ఉంటే ఎవరూ వాడడం లేదని గది పోతుంది, ఖాళీగా ఉంటే ఏమీ లేదని గది పోతుంది. ఇలాంటి గిరాకీ కొట్టుకొస్తే దణ్ణం పెట్టి పంపించేస్తాను. ఈయన్ని పంపడానికి వీల్లేదు, బడి ఆయనది.

చెల్లెలు మళ్ళీ స్టూలెక్కింది. ఈసారి ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. అది చూసే నాకు భయమేసింది. పుస్తకాలు తిరిగి ఇవ్వవలసిన రోజు దగ్గరపడుతోందనీ, పిల్లలు ఎక్కడివ్వాలని అడుగుతున్నారనీ, హెడ్మాస్టరును అడిగితే అదేదో నువ్వే చూసుకో అన్నాడనీ నీరసంగా చెప్పింది.

“ఎక్కడివ్వాలా? కొట్టు మూసేస్తే సరుకు వాపసు ఎవరికిస్తారే? ఓనరుకి.”

స్టూలు దిగి ఇంటికెళ్ళిపోయింది. మర్నాడు గేటు దగ్గర బోర్డు మీద రాసింది: ‘పుస్తకాలు హెడ్మాస్టరు గారి గదిలో తిరిగి ఇవ్వవలెను.’ చూసుకోమన్నది ఆయనే, ఆమె చూసుకుంది.

తర్వాత జరిగింది ఆమె రసీదుల బల్ల దగ్గర నుంచి చూసి నాకు చెప్పింది. ఇంటర్వెల్లో పిల్లలు చెప్పుల పెట్టెలు చంకలో పెట్టుకుని బారులు తీరారు. ముందు హెడ్మాస్టరు బల్ల నిండింది. తర్వాత కుర్చీలు, కిటికీలు నిండాయి. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. వీడి పేరున ఉన్నది వాడు తెచ్చాడు, ఇది ముందు నేను తీసుకున్నది కాదండి, ఇది మా అక్క స్నేహితురాలిదండి అని ప్రతి పెట్టెకూ ఒక పంచాయితీ. ఇచ్చినవాళ్ళు పోకుండా ఇంకో పెట్టె కావాలని నిలబడ్డారు. ఎవరో తండ్రి కూతురి మార్కుల సంగతి మాట్లాడడానికొచ్చి, గుమ్మంలోంచి ఆ పెట్టెలు చూసి, బూట్లు స్కూల్లోనే కొనాలా, బయట కొనుక్కోవచ్చా అని అడిగాడట. రెండో రోజుకి హెడ్మాస్టరు తల ప్రాణం తోకకొచ్చింది.

రసీదుల బల్ల దగ్గరికి ఆయనే నడిచొచ్చాడు.

“నీ గది నువ్వు తీసుకోమ్మా. నా గది నాకిప్పించు.”

“బల్లలున్నాయి కదండీ అందులో,” అంది మా చెల్లెలు, తలెత్తకుండా.

“సగం తీయిస్తాను.”

“సరేనండి,” అందట!

ఇది విని నేను తల పట్టుకున్నాను. అవతలివాడు మన దగ్గరికి నడిచొచ్చినప్పుడా సగానికి ఒప్పుకునేది? ఇంకొక్క పూట ఆగి ఉంటే బల్లలు ఆయనే మోసుకెళ్ళేవాడు. మా ఆవిడ కూడా, మీ చెల్లెలికి బేరం చేతకాదు అంది, అదేదో నా పెంపకం లోపమన్నట్టు.

ఇప్పుడు లెక్క చూస్తే, పోయినవి కొన్ని పుస్తకాలు. ఎవరింట్లో ఉన్నాయో తెలియదు. నా వెనక గది ఖాళీ అయింది, పెట్టెలు తిరిగి వచ్చే ఆశ లేదు. వచ్చింది సగం గది. బల్లలు తీయని పక్క పిల్లలు వాటి మీదెక్కి కూర్చుని చదువుతున్నారు, మా చెల్లెలు దిగమని అరుస్తోంది, వాళ్ళు దిగడం లేదు. ఆమె చాలా సంతోషంగా ఉంది. మిగతా సగం సంగతి హెడ్మాస్టరుతో నేను మాట్లాడనా అని అడిగితే, దణ్ణం పెడతాను, నువ్వు మాత్రం రావద్దు అంది.