అడిగితే లేదనని దీవి

ఆ ఆదివారం మణికొండ ఫ్లాటులో ఉన్నవాళ్ళు యజ్ఞనారాయణ బాబాయి, కనకలక్ష్మి పిన్ని, భోజనానికి పిలిచిన బాబాయి ఆఫీసు సోమేశ్వరరావుగారు, ఆయన భార్య బాలాత్రిపురసుందరి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాసంతి. ఇంకాసేపట్లో నాన్న వచ్చి వాసంతిని ఊరికి తీసుకుపోతాడు.

ఊళ్ళో బడి పదో తరగతితో సరి. ఆ తర్వాత ఆడపిల్లలు వెళ్ళేది రొయ్యల షెడ్డుకే. పొట్టు ఒలిచి ఒలిచి అక్క వేళ్ళు అప్పుడే పుళ్ళు పడ్డాయి. "పిన్ని ఉండమంటే అక్కడే చదువుకో. నేను మాత్రం అడగను" అని చెప్పి పంపాడు నాన్న. పిన్ని ఉండమనలేదు. వాసంతీ అడగలేదు.

బాబాయి కిరిబాస్ కబుర్లు అందుకున్నాడు. పసిఫిక్ నడిమధ్య ఆ దీవిలో కొన్నేళ్ళు కంప్యూటర్ల ఉద్యోగం చేసి, మొన్న వేసవిలోనే పిన్నితో తిరిగొచ్చాడు.

"దిగగానే పక్కింటాయన నన్ను తమ్ముడన్నాడండి. పొంగిపోయాను. సాయంత్రం వచ్చి, కింద కూర్చుని, నా బూట్లు అడిగాడు."

"ఇచ్చేశారా?" అంది సుందరి.

"చుట్టం మర్యాదగా అడిగితే అక్కడ లేదనకూడదండి. తల ఎత్తుకోలేం. మర్నాడు వాళ్ళావిడ కుక్కరు పట్టుకెళ్ళింది. మా కనకం ఊరుకుంటుందా, వెళ్ళి అడిగి మళ్ళీ తెచ్చుకుంది. వెనకాలే వాళ్ళ ముసలమ్మ వచ్చి మిక్సీ అడిగింది."

"మన అపార్టుమెంటులో ఆ పద్ధతి పెడితే కారు పార్కింగు కూడా మిగలదండి" అన్నారు సోమేశ్వరరావుగారు. అందరూ నవ్వారు. పిన్ని మాత్రం పప్పు గిన్నె మీద మూత సర్దింది.

వాసంతి ఆ మాటలే లోపల మళ్ళీ అనుకుంది. చుట్టం. మర్యాదగా. కింద కూర్చుని. అన్నాళ్ళు అక్కడున్నవాళ్ళకు ఆ అలవాటు ఒంటబట్టకుండా ఉంటుందా? బయట లిఫ్టు చప్పుడైతే నాన్నే అనుకుంది. ఇక ఆగలేక వచ్చి, ఆ దీవి నుంచి తెచ్చిన చాప మీద పిన్ని ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, వంటింటి పక్కనున్న ఆ సామాన్ల గది నాకు కావాలి. ఇక్కడే ఉండి ఇంటరు చదువుకుంటాను."

"పిల్ల భలే పట్టేసిందండి" అంటూ సోమేశ్వరరావుగారు పడీ పడీ నవ్వారు.

పిన్ని భోజనానికి వచ్చినవాళ్ళ వైపు ఒకసారి చూసింది. "అలాగే తల్లీ. నీకు లేదంటానా?"

వాసంతి ఆ గదిలోకి పరిగెత్తింది. కొబ్బరితాళ్ళ చుట్టలు ఓ మూలకు జరిపింది. పుస్తకాలు కిటికీలో పెట్టుకోవచ్చు. పడుకోవడానికి చాప చాలు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక, సుందరి మరిచిపోయిన కూర డబ్బా తీసుకుని వాసంతి కిందికి పరిగెత్తి ఇచ్చి వచ్చింది. పైకి వచ్చేసరికి చెప్పుల స్టాండు పక్కన తన సంచి ఉంది. దాని మీద పులిహోర పొట్లం.

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. "నాన్న గేటు దగ్గర ఉన్నాడట. వెళ్ళమ్మా."

"ఇస్తానన్నావుగా పిన్నీ."

"నలుగురిలో అడిగితే ఇంకేమంటానే? అక్కడ ఎవరికీ లేదనలేక ఉప్పు డబ్బా కూడా మంచం కింద దాచుకుని బతికాను. లేదు అని చెప్పుకోవడానికే ఇక్కడికొచ్చాను." పిన్ని లోపలి చాప వైపు చూపించింది. "కావాలంటే ఆ చాప అడుగు, ఇస్తాను."

వాసంతి చాప అడగలేదు.

"పోనీ బాల్కనీలో..." అనేలోపే పిన్ని తలుపు వేసేసింది.