ఊపిరి సైగ

మూడు తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయాలి. లోరింట్స్ నల్లకోటుకు ఊడిన గుండీ కుట్టాలి. అతని రక్తపోటు మాత్ర తీసి నీళ్ల గ్లాసు పక్కన పెట్టాలి. అంబ్రుష్ నడుము నొప్పికి దిండు వేదిక మీదికి చేర్చాలి. వెండెల్ కళ్లద్దాలు హోటల్లో మరిచిపోకుండా చూడాలి. నిన్న పేచ్ ఊళ్లో కచేరీ అయ్యాక లోరింట్స్ మార్చిన వయొలిన్ కమాను గుర్తులు నాలుగు స్వర ప్రతుల్లోనూ పెన్సిలుతో దిద్దాలి. ఆ తర్వాత రెండో వయొలిన్ వాయించాలి.

ఆ చివరిది నా ఉద్యోగం. మిగతావన్నీ ఎవరి ఉద్యోగమో ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగలేదు.

మా నలుగురి బృందానికి నా భర్త ఇంటిపేరు, జొంబొరి. కచేరీ కాగితంలో, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే అంబ్రుష్‌కీ వయోలా వాయించే వెండెల్‌కీ సొంత పేర్లుంటాయి. నాకు మాత్రం మా దేశపు ఆచారం ప్రకారం 'జొంబొరి లోరింట్స్ గారి భార్య' అని ఉంటుంది. మా నాన్న మిష్కోల్ట్స్‌లో రైలు పట్టాలు వేసేవాడు. మా ఇంట్లో సంగీత విద్యాలయం గడప తొక్కినదాన్ని నేనే మొదలు. పట్టా తెచ్చిన రోజు అందులోని నా పేరు మీద ఆయన గరుకు వేలు ఎన్నిసార్లు తిప్పాడో. పెళ్లయ్యాక అత్తగారు మాత్రం, "వయొలిన్ పట్టే చెయ్యి బాగానే ఉందమ్మాయ్, పిండి పిసికే చెయ్యేదీ?" అంది.

మా వాద్యంలో తాళం వేసేవాళ్లుండరు. మొదటి వయొలిన్ మనిషి, అంటే లోరింట్స్, ముక్కుతో ఒక్క ఊపిరి తీస్తాడు, ఆ ఊపిరి మీద నాలుగు కమానులూ కదలాలి. రెండేళ్ల కిందట లోరింట్స్‌కు వినికిడి తగ్గింది. తర్వాత ధ్యాస కూడా తప్పసాగింది. కమాను ఎత్తి అలాగే ఉండిపోయేవాడు. మొదటిసారి భయంతో ఆ ఊపిరి నేను తీశాను. మిగతా ఇద్దరూ దాన్ని పట్టుకుని మొదలుపెట్టారు. ఆనాటి నుంచీ అతను ఆగిన ప్రతిసారీ నేనే. దాని గురించి మాలో ఎవరూ మాట్లాడుకోలేదు. 'పెద్దాయన ఊపిరే నలుగురి ఊపిరి' అని ఒక పత్రిక రాస్తే లోరింట్స్ ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు.

ఇవాళ సెగెడ్‌లో మధ్యాహ్నం చేపల పులుసు తింటూ అన్నాడు, "గిజీ, రేడియో వాళ్ల ఫిర్యాదు. ప్రతి భాగం ముందూ ఎవరో బుస్సుమంటున్నారట. నువ్వే."

"కొలిమి తిత్తి!" అన్నాడు అంబ్రుష్, పళ్లెంలోకి నవ్వుతూ.

"సాయంత్రం కచేరీ రికార్డింగు. ఊపిరి వినబడకూడదు. ఆకురాలు కాలం నుంచి నీ కుర్చీలో నా శిష్యుడు బాలింట్ కూర్చుంటాడు. నువ్వూ అలిసిపోయావు. ప్రయాణాలకు మాత్రం వస్తావులే, లేకపోతే చొక్కాలెవరు చూస్తారు?"

నేను వెండెల్ వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. రోజూ ఎవర్ని చూసి మొదలుపెడతావు?"

అతను ముల్లు ఏరుతూ తలెత్తలేదు. "ఇప్పుడెందుకు గిజీ, పులుసు చల్లారిపోతోంది."

నా పులుసు నిజంగానే చల్లారిపోయింది. లేచి చొక్కాలు ఇస్త్రీ చేశాను. గుండీ కుట్టాను. మాత్ర ఇచ్చాను.

సాయంత్రం మొదటి రెండు భాగాలూ వేగమైనవి, వాటిని లోరింట్స్ చేతి అలవాటు లాక్కుపోయింది. మూడోది నిశ్శబ్దంలోంచి పుట్టాలి. తల మీద మైకు వేలాడుతోంది. నాలుగు కమానులూ తీగల మీద ఆనాయి. లోరింట్స్ ఆగిపోయాడు. అంబ్రుష్ నన్ను చూశాడు. వెండెల్ నన్ను చూశాడు. సభలో ఎవరో దగ్గారు. లోరింట్స్ మెల్లగా నా వైపు తిరిగాడు. 'గిజీ' అని పెదవులు కదిలాయి. గంట కిందట నా చేత్తో మాత్ర వేసిన నోరది. అయినా వినబడకూడదన్నారు కదా.

చివరికి అతనొక్కడే మొదలుపెట్టాడు. చెల్లో ఆలస్యంగా వచ్చింది, వయోలా ఇంకా ఆలస్యంగా. నా వంతు వచ్చిన చోట నేను అందుకున్నాను.

రేడియో వాళ్లు ఆ రికార్డింగు పారేయకుండా ఉండి, అది ఎప్పుడైనా మీ చెవిన పడితే, మూడో భాగం ముందు యంత్రం చెడిందనుకునేంత నిశ్శబ్దం వస్తుంది. ఆపేయకండి. అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి పేరు, పట్టా మీద మా నాన్న వేలు తిప్పిన ఆ పేరు, కెలెమెన్ గిజెల్లా. గుర్తుంచుకోండి.