ఏడో బావి

ఖడేరా ఊళ్లో కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగి చూడాలి. నీళ్లలో తన ముఖం కనిపిస్తే మనిషి బతికినట్టు, కుక్క ముఖం కనిపిస్తే పోయినట్టు. ఈ వైద్యానికి ఆ చుట్టుపక్కల పెద్ద దిక్కు నత్తీలాల్. ఆయన చూపించిన బావుల్లో ఇంతవరకూ ఎవరికీ కుక్క కనిపించలేదు. కనిపించినవాడు మాత్రం ఒప్పుకుంటాడా అని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. అడిగితే ఆయన కథ మొదలుపెడతాడు, కథ మొదలైతే గేదెల్ని పితికే వేళ దాటిపోతుంది.

ఆ పొద్దున కరిపించుకున్నది ఆయన సొంత మనవరాలే. రజ్జో పేడతట్ట దించి వస్తుంటే ఆవాల చేలోంచి ఓ గోధుమరంగు ఊరకుక్క వచ్చింది. మొరగలేదు, గుర్రుమనలేదు. ఎగిరి పిల్ల చెంప పట్టుకుని, వదిలేసి, ఎటు పోతోందో తనకే తెలియనట్టు తూలుకుంటూ పోయింది. ఇరుగుపొరుగు వాళ్లు పరుగెత్తుకొచ్చి గాయంలో కారం, ఆవనూనె దట్టించి తమ వంతు పుణ్యం తాము కట్టుకున్నారు.

పిల్ల తల్లి శర్బతి ముసుగు లోపలినుంచే ఆ గాయం చూసింది. ఆమె చిన్న మేనమామ కూడా ఒకప్పుడు కుక్క కరిస్తే ఏడు బావులూ చూసి నవ్వుతూ ఇంటికొచ్చాడు. గోధుమ కోతలయ్యాక ఒకనాడు గ్లాసుడు నీళ్లిస్తే చూసి గోడకు అతుక్కుపోయాడు. మంచానికి కట్టేశారు. ఆ తర్వాతి సంగతి శర్బతి ఎవరికీ చెప్పదు.

అయితే ఆ ఊళ్లో కోడలు మామగారితో మాట్లాడకూడదు. ముఖం చూపకూడదు, గొంతు వినిపించకూడదు. చెప్పవలసింది పిల్లల చేత చెప్పిస్తుంది. మగడు ఎక్కడో పట్నంలో పంకాలు తయారుచేసే చోట పనిలో ఉన్నాడు, పనివేళ ఫోను ఎత్తడు.

“రజ్జో, తాతతో చెప్పు. ముందు సూది, తర్వాతే బావులు.”

రజ్జో చెంప పట్టుకుని, “తాతా, అమ్మ సూది అంటోంది. నాకొద్దు,” అంది. మాట్లాడినప్పుడల్లా గాయం తెరుచుకుని నెత్తురు ఊరుతోంది.

“నేనుండగా నీకు సూదెందుకే పిచ్చిదానా. బావులు చూసొచ్చాక సూదులు, దబ్బనాలు ఎన్నైనా పొడిపించుకోవచ్చని మీ అమ్మకి చెప్పు.”

చిక్కంతా బావులతోనే వచ్చింది. చేతిపంపులు వచ్చినప్పటినుంచి వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. మొదటిదానికి పంచాయతీవాళ్లు ఇనుప జాలీ బిగించారు. నత్తీలాల్ మనవరాలి తల వంచి ఆ కన్నాల్లోంచే చూపించాడు. రెండోది ఎండిపోయింది.

“ఏం కనిపించిందే?”

“విరిగిపోయిన బకెట్టు.”

“అది లెక్కలోకి రాదు. పద.”

నీళ్లున్న బావి కోసం ముగ్గురూ పొలాలు దాటారు, పక్క ఊళ్ల పొలిమేరలూ దాటారు. పిల్ల కాళ్లీడుస్తుంటే తాత కథ ఎత్తుకున్నాడు. “ఒంటె మెడ అంత పొడుగు ఎందుకైందో తెలుసా? ముందు అది మన గేదె మెడంతే ఉండేది. పిచ్చికుక్క కరిచింది. బావులేమో లోతు, నీళ్లేమో అడుగున. తొంగి చూసి చూసి, ఏడో బావి దగ్గరికొచ్చేసరికి ఇదిగో, ఇంతైంది. మా తాత కళ్లారా చూశాడు.”

రజ్జో నవ్వబోయి ఏడ్చింది. శర్బతి ఎండవైపు చూసింది. బ్లాకు కేంద్రంలోని సర్కారు ఆసుపత్రిలో మధ్యాహ్నం దాటితే సూదుల గది మూసేస్తారు.

ఆరో బావి అయ్యేసరికి నీడ కాళ్ల కిందికొచ్చింది. రోడ్డు మీద పాలక్యాన్ల మోటార్ సైకిలు ఆపి ఊరి పాలవాడు గోపీచంద్ అన్నాడు, “బాబాయ్, ఆ గోధుమరంగుది నా గేదెని కూడా కరిచింది. ఇప్పుడు కాలవగట్టున చచ్చి పడుంది. నోటినిండా నురగ.”

నత్తీలాల్ కాలవ వైపు చూశాడు. “ఆరు చూసి ఏడోది మానేస్తే ఆరూ దండగ,” అన్నాడు చివరికి. కానీ ఆ గొంతులో ఒంటె కథ చెప్పినప్పటి ధీమా లేదు. ఏడోది కాలవ అవతల, చాలా దూరం.

పెళ్లయిన నాటినుంచి శర్బతి మామగారితో ఒక్క అబద్ధమైనా ఆడలేదు. అసలు మాటే ఆడకపోతే అబద్ధం ఎక్కడ ఆడుతుంది. ఇప్పుడు పిల్ల చెవి దగ్గరికి వంగింది.

“తాతతో చెప్పు. బ్లాకు ఆసుపత్రి వెనకాల పాత బావి ఉందట. నిండా నీళ్లట.”

ముసలాయన ముసుగు వైపు చూసి, చెయ్యెత్తి ఆటో ఆపాడు.

సూదుల గదిలో సిస్టరు బీరువాకి తాళం వేయబోతోంది. పిల్లను చూసి ఆగింది.

“ఇదేంటమ్మా గాయంలో? కూర వండుతున్నారా? సబ్బుతో కడిగారా?”

శర్బతి తల అడ్డంగా ఊపింది. సిస్టరు కుళాయి తిప్పి, సబ్బు పెట్టి, పిల్ల అరుస్తున్నా వినకుండా చాలాసేపు కడిగింది. తర్వాత చేతికి సూది వేసింది. “ఇదొక్కటే చాలదు. కరిచింది ముఖం మీద, తలకి దగ్గర. గాయంలో ఇంకో మందు ఎక్కించాలి. మా దగ్గర అయిపోయింది. ఇప్పటికే ఆలస్యం చేశారు, ఇప్పుడే జిల్లా ఆసుపత్రికి పొండి. రేపని కూర్చోకండి.”

శర్బతి బయటికొచ్చేసరికి నత్తీలాల్ ఆసుపత్రి వెనకనుంచి వస్తున్నాడు. తలపాగా చేతిలో ఉంది. ఆమె రజ్జో భుజం మీద చెయ్యివేసి, “తాతతో చెప్పు...” అంది.

“ఆపు. పిల్ల నోరు నొప్పి,” అన్నాడాయన. “నువ్వే చెప్పు కోడలా.”

ఆమె ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. “బావి లేదు మామయ్యా.”

“చూశాను. నీళ్ల ట్యాంకు ఉంది. ఇంకేం చెప్పింది ఆవిడ?”

“జిల్లాకి తీసుకెళ్లమంది. ఆలస్యం చేశామంది.”

ఆలస్యం చేసింది ఎవరో ఆమె అనలేదు. ఆయన తలపాగా చుట్టుకోబోయాడు. సగంలో ఆపి, దాన్ని చంకలో పెట్టుకున్నాడు. “బస్సు ఎక్కడాగుతుందో చూద్దాం పద,” అన్నాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి చోటిస్తే శర్బతి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముసలాయన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్నవాడు, ఏమైంది తాతా పిల్లకి అని అడిగితే, “కుక్క,” అని ఒక్క మాటే అన్నాడు.

కొంతదూరం పోయాక రజ్జో దాహమంది. ఎదురుసీటు ఆవిడ సీసా ఇచ్చింది. నీళ్లకి బెదిరే ఆ జబ్బు ఉన్నా ఇంత త్వరగా బయటపడదని శర్బతికి తెలుసు. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. అయినా పిల్ల సీసా ఎత్తగానే ఆమె కళ్లు ఆ గొంతు మీదే నిలిచిపోయాయి. తల ఎత్తి చూస్తే మామగారూ అక్కడే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

రజ్జో గుటకలు వేసింది. కొంత పెదవి చివరనుంచి కారిపోయింది.

“ఇంకొంచెం తాగు,” అన్నాడాయన.