చేతులకు అలవాటైన లూజు

నకిరేకల్‌లో లియాఖత్ అలీ షెడ్డు ముందు జీపు ఆగీ ఆగకముందే సైదమ్మ గొంతు లేచింది.

"లియాఖతన్నా! బండి బాగు చెయ్యమంటే దానికి కల్లు తాపినవా ఏంది? తిరుమలగిరి సంది ఊగుకుంటనే వచ్చింది. నా వంకాయలు సగం రోడ్డు పాలైనయి. రేపటి సంది నేను బస్సే ఎక్కుత."

ఆమె తట్ట నెత్తిన పెట్టుకొని అంగడి దిక్కు నడిచింది. వెనక కూర్చున్న నలుగురూ దిగిపోయారు. జీపులో డ్రైవర్ బీరన్న ఒక్కడే మిగిలాడు.

లియాఖత్ ముఖం చిన్నబోయింది. ఎనిమిదేళ్లుగా ఆ జీపు స్టీరింగు జానెడు తిప్పితే గానీ చక్రం కదిలేది కాదు. మొన్ననే రెండు రోజులు కూర్చుని, అరిగిన బుష్‌లన్నీ తీసి కొత్తవి వేసి, స్టీరింగు బాక్సు బిగించి ఇచ్చాడు. ఇప్పుడీ మాట నలుగురికీ పాకితే షెడ్డు ముందు ఇంకో బండి ఆగదు. అది పోనీ, పొరపాటు నిజంగా తనదే అయితే? రోజూ ఎంతమంది ఎక్కుతారు ఆ జీపు!

"భాయ్, మునుపటి లెక్కనే లూజు చెయ్యి. గదే మంచిగుండె," అన్నాడు బీరన్న.

"ఆగు జర. చూడనియ్యి."

కిందికి దూరి పానాతో ఒక్కో నట్టూ పట్టి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. తనే రైసుమిల్లు దాకా నడిపి చూశాడు. జీపు దారం పట్టినట్టు పోయింది. తిరిగి వచ్చి బీరన్నను నడపమని పక్కన కూర్చున్నాడు. ఫర్లాంగు దాటకముందే జీపు మళ్లీ మెలికలు తిరిగింది.

లియాఖత్ రోడ్డును వదిలేసి బీరన్న చేతుల్ని చూశాడు. తిన్నటి రోడ్డు మీద కూడా అవి ఊరుకోవడం లేదు. కుడికింత, ఎడమకింత, మళ్లీ కుడికింత. ఇన్నేళ్లూ ఆ కదలికనంతా లూజు మింగేసేది. ఇప్పుడు అది నేరుగా చక్రానికే పోతోంది.

"బీరన్నా, మెల్లగ పోనిచ్చుకుంట నీ చేతులు చూసుకో."

బీరన్న చూసుకున్నాడు. "అరే, ఇవి నన్ను అడుగుతనే లేవు గద భాయ్!"

"లూజు పోయింది. అలవాటు పోలే."

"అందుకే లూజు చెయ్యమంటున్న."

"జానెడు లూజు మళ్ల ఇయ్యను. ఎదురుంగ లారీ వస్తే ఏం చేస్తవ్? నా తప్పు గూడ ఉంది. బండినే చూసిన, నిన్ను చూడలే. ఒక్కపారే బిగిచ్చిన."

"ఇన్నేండ్ల డ్రైవర్ను. ఇయ్యాల నాకు నేర్పుతవా?"

"నీకు కాదు, నీ చేతులకు."

లియాఖత్ స్టీరింగు బాక్సు మీది స్క్రూను కొంచెం వదులు చేశాడు. స్టీరింగు రెండు వేళ్ల వెడల్పు మాత్రమే ఆడేట్టు ఉంచాడు. చేతులు కుదురుకునే దాకా మనుషుల్ని ఎక్కించవద్దన్నాడు. బీరన్న ఊక బస్తాలు వేసుకుని నాలుగు రోజులు ఆ రోడ్డు మీదే తిరిగాడు. చాయ్ హోటల్ కాడ కూర్చున్నవాళ్లు వదలలేదు. "ఏం బీరన్నా, బస్తాలకు టికెట్ కొట్టినవా?"

అయిదో రోజు నుంచి మనుషులు ఎక్కారు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక లియాఖత్ స్క్రూను చిటికెడంత తిప్పేవాడు. నాలుగో శుక్రవారానికి అది మొదట తాను బిగించిన చోటికే వచ్చింది.

మర్నాడు అతను తిరుమలగిరి వెళ్లి జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ పూట బస్సు రాలేదు. సైదమ్మ అటూ ఇటూ చూసి, వేరే దారి లేక ముందు సీటు ఎక్కి ఎదుటి కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

ఇరుకు మోరీ వంతెన దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. లియాఖత్ చూపు స్టీరింగు మీదికి పోయింది. బీరన్న మణికట్టు కొద్దిగా కదిలింది. జీపు పక్కకు జరిగి, లారీ దాటగానే మళ్లీ తన దారికి వచ్చింది. చేతులు నిలకడగా ఉన్నాయి.

కాసేపటికి సైదమ్మ కడ్డీని వదిలి కొంగు సర్దుకుంది.

"ఏం బీరన్నా, గింత మెల్లగనా? అంగడి లేచిపోయినంక దింపుతవా నన్ను?"