బదులు చెయ్యి

మూడు దినాల ముసురు తెల్లారెటాలకు ఆగింది గని మొగులు మాత్రం కదలలే. కొండపాక దిక్కు ఒక్క సందుల తెల్లగ వెలుగు కనవడి మళ్ల మూసుకున్నది. కురిస్తె కురువాలె, లేకుంటె పోవాలె, ఇట్ల నెత్తి మీద కూసుండి చూసుడేందని రాజమల్లయ్య మొగులును తిట్టుకుంట సైకిల్ బయటికి తీసిండు. ఆ తిట్టు మొగులుది కాదు, తనదే. మొగులు మీదున్నది గనుక దానికి తగిలింది.

ముప్ఫై రెండేండ్లు బస్సుల కండక్టర్ చేసి దిగిన మనిషి. దిగిన కాన్నుంచి రెండేండ్లుగ ఊర్లె సాయంత్రం బడి నడుపుతుండు. ఆ బడి సిద్దిపేటల ఒక సంఘం పెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది చదివే పిల్లలకు సర్కారు బడి ఇడిసినంక మళ్ల కూసుండవెట్టి చదువు చెప్పాలె. రాజమల్లయ్య దానికి జీతం లేని మనిషి. పేరుకు సాయంత్రం బడే గని పని పొద్దుగాల్నే మొదలైతది. నిన్న రాని పిల్ల ఎందుకు రాలేదని ఇండ్లు తిరుగుడు, పగటీలి అట్టముక్కలు కోసి అక్షరాలు రాసుడు, నాలుగింటికి పిల్లలకు శెనగ గుడాలు ఉడకవెట్టిచ్చుడు. ఆదివారం పొద్దటి పూట గూడ బడి ఉంటది.

మాటలు తక్కువ. ముప్ఫై రెండేండ్లు ‘టికెట్, టికెట్’ అన్నంక ఇంక చెప్పుటానికి ఏం మిగులుతదని ఊర్లె నవ్వుతరు. కండ్లు మాత్రం చురుకు. బస్సు తలుపు కాడ నిలవడి ఒక్క చూపుల తలలు లెక్కవెట్టే అలవాటు ఇంక పోలే. బడిల ఇరవై ఎనిమిది తలలు. ఒక్కటి తక్కువైనా ఆయనకు కూసున్న కాడ నెమ్మది ఉండదు.

ఇయ్యాల ఇరవై రెండే ఉంటయని పోకముందే తెలుసు. తక్కువ చేసింది తనే.

నిన్న సాయంత్రం సంఘం ఇంచార్జి ప్రభాకర్ బండి మీద వచ్చిండు. ముప్ఫై ఏండ్లోడు, ఇస్త్రీ అంగి, జేబుల రెండు పెన్నులు. గోడకు ఒక చార్టు ఉంటది. ఆగకుంట చదివేటోళ్ల పేర్లు పచ్చ చీటీల మీద, కూడవలుక్కోని చదివేటోళ్లవి పసుపు చీటీల మీద, అక్షరాల కాడనే ఆగిపోయేటోళ్లవి ఎర్ర చీటీల మీద రాసి గుచ్చుతరు. ప్రభాకర్ దాని ముంగట నిలవడి, ఎర్ర వరుసను వేలుతోని లెక్కవెట్టిండు.

“ఆరుగురు. రేపు పదకొండింటికి బట్టల దుకాణం విశ్వేశ్వర్ సేటు వాళ్లు వస్తుండ్రు మల్లయ్యా. వాళ్లు మెచ్చుకుంటెనే వచ్చే ఏడు మన బడి ఉంటది. గీ ఆరుగురికి రేపు బంద్ అని చెప్పుండ్రి.”

“ఆదివారం బడి ఉంటదని పిల్లలకు ఎరుకే కద సార్.”

“అందుకే చెప్పుమంటున్న. సేటు సరిగ్గ వాళ్లనే లేపుతడు. గొంతు పెగలక నలుగుట్ల నిలవడ్తరు. వాళ్ల మంచికే కద.”

వాళ్ల మంచికే అన్న మాట కాడ రాజమల్లయ్య జారిపడ్డడు. చెకింగోళ్లు వస్తుండ్రని తెలిస్తె టికెట్ లేనోనికి టికెట్ ఇచ్చిండు గని ఎన్నడు మనిషిని నడి తొవ్వల దించలే. నిన్న దించిండు. ఆరుగురిని పక్కకు పిలిచి, రేపు బంద్ అన్నడు. ఐదుగురు ఎగిరిన్రు. మనీష ఎగరలే. ఏడో తరగతి పిల్ల, బక్కగ, పొడుగ్గ ఉంటది.

“మాకేనా సారు, అందరికా?”

“అందరికి,” అన్నడు పలక దిక్కు చూసుకుంట.

ఆ పిల్ల మొన్న గురువారమే నాలుగు లైన్లు చదివింది. లైన్ కింద వేలు పెట్టి, మూడో లైన్ల ఆగి, ముక్కు మీద చెమట పోసి, ఎవ్వలు అందియ్యకుంటనే ఆ మాటను దాటింది. రాజమల్లయ్య ఆనాడు రాత్రే ఒక పసుపు చీటి కోసి మనీష అని రాసి అంగి జేబుల పెట్టుకున్నడు. సోమవారం చార్టుకు గుచ్చుదామని.

బడిల అడుగు పెట్టంగనే కండ్లు తలలు లెక్కవెట్టినయి. ఇరవై రెండు. ఎనిమిదో తరగతి సంగీత చాపలు పరుచుకుంట అన్నది, “సారు, మనీష నాటుకు పోయింది. పద్మమ్మ గుత్తల. వాళ్ల చిన్నమ్మ కాలు వాసిందట, ఆమె బదులు పోయింది.”

రాజమల్లయ్య చేతుల ఉన్న సుద్దముక్క రెండు ముక్కలైంది.

గుత్త సంగతి ఊరోళ్లకు ఎరుకే. పన్నెండు మంది ఆడోళ్లు గుంపై నలభై ఎకరాల నాటు ఒప్పుకుంటరు. మొదటి దినం మడిల పడ్డ చెయ్యి ఆఖరు మడి దాంక ఉండాలె. నడుమ ఒక్కరు లేస్తె ఆ బరువు కడమ పదకొండు నడుముల మీద పడ్తది. ఇయ్యాల్నే మొదటి దినం. పదిహేను దినాలు. ఈ బడి లేదు, సర్కారు బడి లేదు. అప్పటిదాంక ఆ నాలుగు లైన్లు ఆ పిల్ల నోట్ల ఉంటయా?

మనీష తల్లి బాలవ్వతోని జూన్ల కొట్లాడి మాట తీసుకున్నడు. “నీ బడి ఉన్న దినం నా పిల్లను పొలానికి తోల్కపోను. బడి లేని దినం పనిల పెడ్తె, ఆ పని ఒడిసేదాంక నా ఇష్టం. మల్ల అడగొద్దు,” అన్నది ఆమె. ఆమె మాట ఆమె తప్పలే.

చార్టు కాడ ప్రభాకర్ ఎర్ర వరుస మీద ‘సుస్వాగతం’ అని రాసిన కాయితం అంటిస్తుండు.

“సార్, మనీష నాటుకు పోయింది.”

“పోనీ. ఇయ్యాల రావద్దనే కద అన్నం. రేపు వస్తది.”

“రేపు రాదు. పదిహేను దినాలు రాదు. గుత్తల కాలు పెట్టింది.”

“గుత్తంటె ఏంది? సేట్లు వచ్చే యాళ్లకు గీ పంచాయితి ఏంది మల్లయ్యా? తెల్లంగి ఏసుకోని రమ్మన్న కద, గీ ఖాకీది ఏంది?”

రాజమల్లయ్య చెయ్యి చాపి సుస్వాగతం కాయితాన్ని గుంజిండు. దాని కింద ఆరు ఎర్ర చీటీలు బయటపడ్డయి.

“జరమొచ్చినోణ్ని ఇంటికి పొమ్మనే దవాఖాన ఏడన్న ఉన్నదా?”

“గట్టిగ మాట్లాడకుండ్రి. ఇది సంఘం పని, మీ ఇంటి పని కాదు.”

“ఇంటి పనైతె ఇట్ల చేద్దునా?” రాజమల్లయ్య గొంతు లేచింది. రెండేండ్ల పొద్దుల పిల్లలెవ్వరు ఆ గొంతు వినలే. “అబద్ధం చెప్పిపిచ్చింది నువ్వు. అది నీ తప్పు. ఎదురాడకుంట పిల్లలకు చెప్పింది నేను. అది నా తప్పు. నీది నువ్వు సూసుకో. నాది నేను దిద్దుకోవాలె.”

బయట కారు ఆగింది. విశ్వేశ్వర్ సేటు దిగి, బురద తాకకుంట ధోతి అంచు ఎత్తి పట్టుకోని వస్తుండు. సైకిల్ తిప్పుతున్న మనిషిని చూసి నవ్విండు. “ఈయనేనా కండక్టర్ సాబ్? మేం వస్తుంటె మీరు పోతుండ్రేంది?”

“ఆరుగురిని నడి తొవ్వల దించిన సేటు. మళ్ల ఎక్కిచ్చుటానికి పోతున్న.”

తొవ్వల కడమ ఐదుగురి ఇండ్లు ఉన్నయి. ప్రతి ఇంటి ముంగట గంట కొట్టి, “బడి ఉన్నది, పోండ్రి” అని ఒక్క మాట చెప్పి ఆగకుంట తొక్కిండు.

కాలువ కింద పెద్ద మడిల పన్నెండు నడుములు వంగి ఉన్నయి. చీరలు మోకాళ్ల పైకి చెక్కుకోని, ఎనుకకు జరుగుకుంట నాటేస్తుండ్రు. గుంపు పెద్ద పద్మమ్మ ఆయనను దూరంనుంచే చూసింది.

“ఓ రాజమల్లు బావా! బస్సు తొవ్వ తప్పిందా, మడిలకు తోలుకొచ్చినవ్?”

“బావకు డ్యూటీ గుర్తుకొచ్చినట్టుంది. టికెట్ తీసుకోండ్రే!” ఇంకొకామె. పకపక నవ్విన్రు.

ఆయన నవ్వలే. మనీష ఆ చివర్ల ఉన్నది. పిక్కల దాంక బురద. పెద్దోళ్ల జోరు అందక ఒక అడుగు ఎనుకవడ్డది.

బాలవ్వ నడుము ఎత్తింది. “బంద్ అన్నవట కద. తోల్కొచ్చిన. నా మాట నేను తప్పలే మల్లన్నా.”

“నువ్వు తప్పలే. నేను తప్పిన. బడి బంద్ లేదు.”

“మరి?”

“సేట్లు వస్తుండ్రని, చదువు రానోళ్లను రావద్దన్నరు. బంద్ అని నేనే చెప్పిన.”

నాట్లు ఆగినయి. బాలవ్వ చేతుల నారు కట్ట వచ్చి ఆయన రొమ్ముకు తగిలింది. ఖాకీ అంగి మీద బురద చిట్లింది.

“చదువు రానిదనే కదనయ్యా నీ దగ్గరికి తోలిన! వస్తె నీ గడప ఎక్కుదునా? నా తోటికోడలు కాలు వాసి పండితె గూడ పిల్లను దింపలే నేను. నువ్వు బంద్ అంటెనే దింపిన. నీ మాట నమ్ముడు నాది బుద్ధి తక్కువ!”

ఆయన తల వంచలే. వంచితె తప్పించుకున్నట్టైతదని నిలవడ్డడు.

“అందరికి అన్నవ్,” మనీష గొంతు సన్నగ వచ్చింది. “నేను అడిగిన గూడ. అందరికి అన్నవ్.”

ఆయన గట్టు మీద చెప్పులిడిసిండు. పాయింటు మోకాళ్ల దాంక మడిచిండు.

“పద్మమ్మా, ఆ పిల్లను ఇడిశిపెట్టు.”

“ఇడిశిపెట్టుటానికి అది నా పిల్లనా? గుత్తల కాలు పెట్టింది బావా. రివాజు నీకు ఎరుక లేదా? పోవాల్నంటె బదులు చెయ్యి ఇయ్యాలె.”

“ఇదిగొ.” రెండు చేతులు చాపిండు.

ముందు నవ్వు లేచింది. “మొగోడు నాటేస్తె వరికి మీసాలు మొలుస్తయే!” “మా మొగోళ్లు చూస్తె సస్తరు సిగ్గుకు!” పద్మమ్మ ఒక్కతి నవ్వలే. అరవై దాటిన ఆ నడుమును మీదికెల్లి కిందికి చూసింది.

“పదిహేను దినాలు బావా. ఒక్క పూటకు కాదు. రేపు నడుము పట్టిందంటె నేను ఒప్పుకోను.”

“నేను మాట తప్పుడు నిన్ననే అయిపోయింది.”

మడిలకు దిగిండు. సల్లని బురద పిక్కలను పట్టుకున్నది. బాలవ్వ బిడ్డ దిక్కు తిరిగింది. కోపం ఇంక తగ్గలే ఆమెకు. “పో. కాళ్లు కడుక్కోకు. గట్లనే పో. సేట్ల ముంగట కూసో.”

మనీష గట్టెక్కింది. ఆయన దిక్కు చూడకుంట ఉరికింది. గట్టు మీద బురద అడుగులు ఒక్కొక్కటి పడుకుంట పోయినయి.

తర్వాత ఆయన వంగిండు. పదిహేను మొక్కలకే నడుము పటపట అన్నది. వరుస వంకర పోయింది. పక్కన పద్మమ్మ గొణుక్కుంట సగం పీకి మళ్ల పెట్టింది. “టికెట్ చింపినట్టు గుంజకు. వేలుతోని గుచ్చు.” గుచ్చిండు. ప్రభాకర్ మీద కోపంతోని నాలుగు గుచ్చిండు. ధోతి అంచు ఎత్తిపట్టిన సేటు మీద నాలుగు. సుస్వాగతం మీద నాలుగు. అవి అయిపోయినయి. తన మీది కోపం మాత్రం మడి సగం దాటినా ఒడవలే. పలక దిక్కు చూసి అందరికి అన్న తన నోరే మళ్లమళ్ల చెవులవడ్డది. జేబుల పసుపు చీటి ఏనాడో తడిసి ముద్దయింది. చెయ్యి పెట్టి చూడలే.

పొద్దు నడినెత్తికొచ్చినా మొగులు కదలలే. పద్మమ్మ “సద్ది” అని కేకేసింది. అందరు గట్టెక్కిన్రు. రాజమల్లయ్య రెండు చేతులు మోకాళ్లకు ఆనిచ్చి లేచిండు. ఒకామె “ముసలి బస్సు స్టార్ట్ అయితలేదే” అన్నది గని ఈసారి ఎవ్వలు నవ్వలే.

అప్పుడు గట్టు మీద ఆరు తలలు కనవడ్డయి. ఎనుకనుంచి లెక్కవెట్టిండు, ముంగటినుంచి లెక్కవెట్టిండు. ఆరు. ముంగట మనీష. కాళ్లకు బురద ఎండి తెల్లగైంది.

“ఏమన్నరే?” బాలవ్వ అడిగింది.

“లేపిన్రు. చదివిన.” మనీష నీళ్ల దిక్కు చూసుకుంట చెప్పింది. “మూడో లైన్ల ఆగిన. సేటు గడియారం చూసుకున్నడు. నేను కూసోలే. నాలుగో లైన్ గూడ చదివినంకనే కూసున్న. సప్పట్లు కొట్టలే ఎవ్వలు.”

“ప్రభాకర్ సారో?” మళ్ల బాలవ్వనే.

“కండక్టర్ సారును రేపటి నుంచి రావద్దని చెప్పుమన్నడు.”

రాజమల్లయ్య తల ఊపిండు. రావద్దని చెప్పిపిచ్చుడు ఆ పిలగానికి అలవాటైపోయింది. ఈసారి ఎర్ర చీటి తనదే.

మనీష ఇప్పుడు ఆయన మొఖం చూసింది. ఆ కండ్లల్ల మాఫీ లేదు. “నాటు ఐదింటికి ఇడుస్తరు. నువ్వు ఏడ కూసుండవెడ్తె మేం ఆరుగురం గాడికి వస్తం. మా ఇంటి అరుగైనా సరే. గని ఇంకోసారి బంద్ అని అబద్ధం చెప్తె రాను. ఎన్నటికి రాను.”

“చెప్పను,” అన్నడు ఆయన.

బాలవ్వ సద్ది గుడ్డ ఇప్పింది. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ. తన వంతు రొట్టె సగానికి ఇరిచి ఆయన బురద చేతుల పెట్టింది. ఇచ్చినట్టు కాదు, మోపినట్టు పెట్టింది. పద్మమ్మ తన గిన్నె పిల్లల నడుమకు జరిపింది. మనీష వచ్చి ఆయన పక్కనే, ఆయనకు ఈపు పెట్టి కూసున్నది.

పద్దెనిమిది మంది గట్టు పొడుగున కూసోని తిన్నరు. తొక్కు కారం గొంతు పట్టింది.