మైనం మీది ఎక్కం

అనంతయ్య పంతులు మంచోడే గానీ, మంచితనానికి తోడు జర డాబు కూడా ఉండేటిది. సంస్థానం కాలం మాట. గద్వాల సాలెవాడల ఆయన బడి పెట్టి మూడేండ్లయినా పిల్లలు పదిమంది దాటలే. ఎట్ల దాటుతరు? ఇంటింటికీ మగ్గం, మగ్గానికి నూలు కండెలు, కండెలు చుట్టేటియి పిల్లల చేతులే. గడప గడపకు తిరిగి బతిమిలాడి పంతులు యాష్టకొచ్చిండు.

గప్పుడు కోటల ఎవ్వరూ తిప్పక మూలకేసిన పాటపెట్టె ఒకటి ఆయనకు దొరికింది. అప్పటికే ఊర్ల కనిపిస్తున్న పళ్లెం రికార్డుల పెట్టె కాదిది, ఇంకా పాతది. దీనికి మైనం గొట్టం. బాకాల నోరు పెట్టి మాట్లాడితే సూది మైనం మీద గీత గీస్తది, మళ్ల తిప్పితే ఆ మాటే వినిపిస్తది. పాత మాటను చాకుతోని చెక్కేసి కొత్తది పట్టచ్చు. గొట్టాలల్ల పలగకుండ మిగిలింది ఒక్కటే.

"వారం వారం ఎక్కం తప్పు లేకుండ ఎవరు చెప్తరో, వాళ్ల గొంతు పెట్టెలకు ఎక్కిస్త," అని చాటిండు పంతులు. అంతే, నెల తిరగకముందే ముప్పైమంది అయిండ్రు. కండెలు చుట్టుకుంటనే ఎక్కాలు వల్లె వేసిండ్రు. పంతులుకు పట్టపగ్గాల్లేవు ఇంక.

ఈరన్న, జమ్ములమ్మల ఒక్కగానొక్క బిడ్డ జోగులమ్మ. ఎనిమిదేండ్లది. పదమూడో ఎక్కం యాడా తడబడకుండ చెప్పి పెట్టెకెక్కింది. చెప్పుడు అయినంక, సూది ఇంకా తిరుగుతుండంగనే, "అయ్యా, ఇంగ ఇంటికి పోవాల్నా?" అనడిగింది. అది కూడా మైనం మీద పడింది. అది విని పిల్లలంత పడీపడీ నవ్విండ్రు.

ఆ ఆదివారం వాడల గత్తర, అదే కలరా, సొచ్చింది. సోమవారం పొద్దుగూకే సరికి జోగులమ్మ లేదు.

బడి మళ్ల తెరిచిననాడు పంతులు చేసిన పని ఆయన్ను జన్మంత తిన్నది. పిల్లలు దిగాలుగ కూసున్నరు గదా, జోగులమ్మను తల్చుకుందమని పెట్టె తిప్పిండు. ఎక్కం అయింది. "అయ్యా, ఇంగ ఇంటికి పోవాల్నా?" ఈసారి ఎవ్వరూ నవ్వలే. చాపల మీదికెల్లి లేచి తలుపు దిక్కు ఉరికిండ్రు. తెల్లారి నలుగురే వచ్చిండ్రు, వాళ్లు కూడా పెట్టెకు ఎడంగ గోడకానుకొని కూసున్నరు. జోగి అండ్లనే ఉందంట, ఇడ్సిపెట్టమంటుందంట అని వాడంత గుసగుసలు. పంతులు కసిరిండు గానీ, ఆ పెట్టెకు వీపు పెట్టి కూసోవాలంటే ఆయనకే ఒళ్లు జలదరించేది.

పిల్లలు రాలే గానీ జమ్ములమ్మ వచ్చింది. రోజూ మగ్గం కాడ పని కాంగనే వచ్చి బాకా ముందట కూసునేది. "ఒక్కసారి, అయ్యా," అనేది. పంతులు కాదనలేకపోయేటోడు. ఎక్కం విన్నంతసేపు ఆమె మొఖం కదలకపోయేది. చివరి మాటకు మాత్రం బాకాలకు వంగి, "రా బిడ్డా, రా," అని జవాబు చెప్పేది.

పది రోజులకు గొంతు సన్నబడ్డది. బరబర చప్పుడు పెరిగింది.

"బిడ్డ దూరం పోతున్నట్లుందేంది, అయ్యా?"

"దూరం గాదమ్మా. సూది తిరిగినప్పుడల్ల గీత అరుగుతది. నీకు తెలిసేటట్లు చెప్పాల్నంటే, గది పోగు అనుకో. రాపిడికి పోగు అరిగి తెగదా? గట్లనే."

ఎంత తేటగ చెప్పిన అని లోపల సంబరపడ్డడు కూడా. పంతులు బుద్ధి యాడికి పోతది!

జమ్ములమ్మ గొట్టం దిక్కు చెయ్యి చాపింది. "ఇంటికి పోవాల్నా అని రోజూ అడుగుతుంది. మీరు పొమ్మనరు. నాకియ్యండి, తీస్కపోత."

పంతులు ఇచ్చిండు. జాలితోని ఇచ్చిండనుకునేరు, జాలి సగమే. ఆ గొంతు బడిలకెల్లి పోతే పిల్లలు మళ్లొస్తరన్న ఆశ మిగిలిన సగం. గొట్టాన్ని గుడ్డల చుట్టి కొంగుల పెట్టుకొని ఆమె పోతుంటే, హమ్మయ్య అనుకున్నడు.

మూడోనాడు ఆమె తిరిగొచ్చింది. అప్పటికి ఏడెనిమిది మంది పిల్లలు మళ్ల బడికి వస్తున్నరు. బిడ్డ పోయినంక జమ్ములమ్మ మొఖం తేటగ కనిపించింది గా ఒక్కరోజే.

"అయ్యా, ఇంగ అరగదు. పోగుకు చేసినట్లే చేసిన. పల్చగ గంజి కాసి, కుంచెతోని రాసి, పడుగు పోగులతో పాటు ఎండల ఆరబెట్టిన. మా గంజి పట్టిన పోగు తెగేది లేదు. ఒక్కసారి తిప్పండి."

పంతులు గుడ్డ విప్పిండు. చైత్రమాసం ఎండ అది. మైనం ఒక దిక్కు కారి వంగిపోయింది. గీతలున్న జాగ నున్నగ మెరుస్తుంది. అయినా గొట్టాన్ని పెట్టెకు తొడిగి తిప్పిండు.

బర్రుమని గీరుడు తప్ప ఒక్క అక్షరం లేదు. జమ్ములమ్మ వంగి వింటనే ఉంది. చివరి మాట యాడొస్తదో ఆమెకు తెలుసు. ఆడికి రాంగనే జవాబు చెప్పెతందుకు నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్లే ఉండిపోయింది.

"గంజికి గిట్లయిందా, అయ్యా? నేనే చేసిన్నా?"

పంతులు ఆమె కండ్లల్లకు చూసిండు. ఔనంటే ఈ తల్లి ఇంటికి చేరదు, నడిమిట్లనే ఏ బాయిలనో పడ్తది.

"నువ్వు గాదు," అన్నడు. "నీకిచ్చే ముందే నేను చెక్కేసిన. పిల్లలు భయపడ్తున్నరని చాకుతోని చెక్కి, ఉత్త గొట్టం నీ చేతుల పెట్టిన."

అబద్ధమే. కానీ ఉత్త అబద్ధం గాదు. ఆ పని చేద్దామని ఆయన ఎన్నిసార్లు చాకు చేతుల పట్టుకోలే!

జమ్ములమ్మ మెల్లగ లేచింది. వాకిట్లకు పోయి దోసెడు దుమ్మెత్తుకొని వచ్చి పంతులు నెత్తిన పోసింది.

"నా బిడ్డను రెండోసారి సంపినవ్. నీ బడి మన్నుగాను," అన్నది. అరవలే, మామూలుగనే అన్నది.

పిల్లలు ఆమె ఎంటనే పోయిండ్రు. మళ్ల రాలే.

బడి పోయినా పంతులు సాలెవాడ ఇడ్సిపెట్టలే. రోజూ పొద్దున ఆమె ఇంటి ముంగటికెల్లే నడిచేటోడు. ఆమె బయటికొచ్చి దుమ్మెత్తి పోసేది. ఈయన భుజాలు దులుపుకొని ముందటికి పోయేటోడు. ఒకనాడు ఆమె తలుపు మూసి ఉంది. ఎంతసేపటికీ లోపల అలికిడి లేదు. పంతులుకు బాయి యాదికొచ్చింది. ఎండెక్కే దాంక ఆడనే నిలబడ్డడు. చివరికి తలుపు తెరుచుకున్నది, ఆమె బయటికొచ్చి తిట్టింది. ఆ తిట్లు తిన్నంకనే పంతులు కదిలిండు.