తమ్ముడి మీద వాన పడదు

తెల్లవారగానే అక్క మొదట చూసేది ఉప్పు. అద్దకం కార్ఖానా తలుపు పక్కన గూట్లో ఓ ఉప్పుగడ్డ ఉండేది. దాన్ని వేలితో తాకి చెమ్మ తగులుతోందేమో చూసేది. తర్వాత తలుపు రెక్క లాగేది, చెక్క ఉబ్బి బిగుసుకుందా తేలిగ్గా వస్తోందా అని. ఆపైన పెరట్లోకి వచ్చి, గోడవార చీమలు ఎటు పోతున్నాయో, పొయ్యిగొట్టం పొగ నిటారుగా లేస్తోందో నేలకు వాలుతోందో చూసి, అప్పుడు నోరు విప్పేది.

"ఇవాళ ఆరేయొచ్చు." లేదంటే, "ఇవాళ వద్దు."

ఆ మాట కోసం పనివాళ్ళు రంగు కాగుల దగ్గర ఎదురుచూసేవారు. రంగులో ముంచి తీసిన గుడ్డ ఎండలో ఆరితేనే రంగు పడుతుంది. ఈలోగా నాలుగు చినుకులు పడ్డాయా, అంతే సంగతులు. ఎరుపు కారి పసుపులోకి దిగుతుంది, అంత గుడ్డా మసిగుడ్డకు కూడా పనికిరాదు. అక్క మాట పదింట తొమ్మిదిసార్లు నిజమయ్యేది. అందులో మాయా లేదు, మంత్రమూ లేదు. చిన్నప్పటి నుంచి చూస్తూ, తప్పుతూ, తిట్లు తింటూ నేర్చుకున్న విద్య.

తమ్ముడు బారెడు పొద్దెక్కాక లేచేవాడు. టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చి దండేల మధ్య నిలబడేవాడు. అతని మీద వాన పడదు. పుట్టినప్పటి నుంచీ అంతే. తల్లి పసివాణ్ణి పెరట్లో పడుకోబెట్టి మరిచిపోతే, కుండపోత వానలో పిల్లవాడూ, చుట్టూ ఆరేసిన పక్కగుడ్డలూ పొడిగా ఉన్నాయి. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరికి నిద్రలో మాట్లాడే అలవాటు ఉంటుంది, వీడికి ఇది ఉంది అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. వాడితో పాటు వాడి చుట్టూ ఉండే పొడి జాగా కూడా పెరిగింది. బడికెళ్ళే వయసులో గొడుగంత ఉండేది. మీసాలొచ్చేసరికి పెరడంతా, కార్ఖానా కప్పుతో సహా, అందులోకి వచ్చేసింది. వీధిలోవాళ్ళు పొడిబాబు అని పిలిచేవారు.

ఇంతవరకు ఏ పేచీ లేదు. వాడుంటే వాన పడదు, వాన పడకపోతే గుడ్డ ఆరుతుంది. అక్కకూ ఆ సంగతి తెలుసు. "వాడు పెరట్లో ఉంటే నన్నడక్కండి, ఆరేసుకోండి," అని తనే అనేది. పేచీ ఎక్కడొచ్చిందంటే, జనం దాన్ని తెలివి అనడం మొదలుపెట్టారు.

"అక్క వద్దంది, తమ్ముడు ఆరెయ్యమన్నాడు. ఎవరి మాట నెగ్గింది? అంచనా అంటే అదీ!" అనేవాడు గుడ్డలు మడతపెట్టే ముసలాయన. వాడి మీద వాన పడదని ఆయనకు తెలియక కాదు. అడిగితే, అది వేరు ఇది వేరు అనేవాడు. వినగా వినగా తమ్ముడూ నమ్మాడు. మబ్బు పట్టిన రోజున నడుము మీద చేతులు పెట్టుకుని, కళ్ళు చికిలించి ఆకాశం కేసి చూసి, కాసేపు గడ్డం గోక్కుని, "ఆరెయ్యండి!" అనేవాడు. ఆ కాసేపట్లో ఏం ఆలోచించేవాడో వాడికే తెలియాలి.

అక్క మాట తప్పిన రోజు ఒకటుంది. ఉప్పు పొడిగా ఉంది, పొగ నిటారుగా లేచింది, ఆకాశం కడిగిపెట్టిన పళ్ళెంలా ఉంది. ఆరెయ్యమంది. ఆ పూట తమ్ముడు క్షవరానికి వెళ్ళాడు. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఓ మబ్బు ముక్క, నేరుగా పెరటి మీదికొచ్చి కురిసి, తన దారిన తను పోయింది. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని పెద్దలు ఊరికే అన్నారా? కానీ ఆ సామెత ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు. నాన్న వసారాలో మంచం మీద కూర్చుని రంగు కారిన గుడ్డల్ని చూస్తూ, "అంత నమ్మకంగా చెప్పావు కదమ్మా," అన్నాడు. నిజమైన మాటలన్నీ ఆయన మరిచిపోయాడు, ఇదొక్కటీ గుండెలో పెట్టుకున్నాడు.

తర్వాత కొత్త నాటకశాల తెరల పని వచ్చింది. ముదురు ఎరుపు కావాలన్నారు. దీపాల వెలుగులో నల్లబడకూడదు, పగటి వెలుగులో వెలిసినట్టు కనపడకూడదు. అక్క కాగుల మీద కాగులు పారబోసింది. మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతోనే అన్నం తింది. చివరికి ఆ రంగు దొరికింది. తీరా ఆరేసే రోజున ఉప్పు చెమ్మగిల్లింది. "రేపు చూద్దాం," అంది, తమ్ముడు ఊళ్ళో ఉన్నాడో లేదో తెలియక. తమ్ముడు టీ గ్లాసుతో వచ్చి, "ఇవాళే," అన్నాడు. ఊరంతా కురిసింది. పెరట్లో తెరలు ఫెళఫెళ ఆరాయి.

నాటకశాల తెరిచిన రోజున జనం నాటకం కంటే ముందు ఆ ఎరుపుకే చప్పట్లు కొట్టారు. వేదిక మీదికి పిలిచింది మాత్రం తమ్ముణ్ణి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. మర్నాడు నాన్న కార్ఖానా తాళంచెవులు అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు పనిమంతురాలివే అమ్మా, కాదనను. కానీ నడిపేవాడికి తెగువ ఉండాలి. నీకు భయం ఎక్కువ," అన్నాడు కూతురితో.

"అది భయం కాదు నాన్నా. చూసి చెప్పడం."

"చూసి చెప్పి నువ్వు ఓడిపోయావు, చూడకుండా చెప్పి వాడు గెలిచాడు. నన్నేం చెయ్యమంటావు?"

అక్క వెళ్ళి పొయ్యి ఎగదోసింది. కడుపు మండిపోయింది ఆవిడకు. ఎందుకు మండదు?

అయినా ఆవిడ ఉండిపోయింది, కూతురి కోసం. భర్త పోయాక అక్క బిడ్డతో పుట్టింటికే చేరింది. ఆ పిల్ల ఇప్పుడు కాగు ముందు నిలబడితే పాత పనివాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చేవారు, అంత చెయ్యి తిరిగింది. తమ్ముడికి పిల్లల్లేరు. "నా తర్వాత ఇదంతా నీ కూతురిదే కదక్కా," అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ మిగతావన్నీ దిగమింగింది. తనకు దక్కకపోతే పోయింది, కార్ఖానా పిల్లకు దక్కితే చాలు.

కానీ పిల్ల కళ్ళెప్పుడూ మావయ్య మీదే. గెలిచేవాణ్ణి చూస్తూ పెరిగిన పిల్లకు ఉప్పుగడ్డ ఏం ఆనుతుంది?

"అమ్మా, ఇన్నేళ్ళుగా ఆ గడ్డని నాకినంత పని చేశావు. అది నీకేమిచ్చింది? మావయ్య ఒక్క మాటతో తేల్చేస్తాడు."

"వాడు తేల్చడే. అది తేలుతుంది. పక్కన వాడుంటాడు."

"కుళ్ళు," అని కూతురు నవ్వేసి వెళ్ళిపోయింది. అక్క ఆ మాట విననట్టే ఉంది, కానీ రాత్రి అన్నం సయించలేదు.

ఈలోగా తమ్ముడు వర్తకుల సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఆలోచన ఎక్కువైతే పని చెడుతుంది. నిలబడండి. కదలకండి. నేను చేసిందల్లా అదే," అనేవాడు. అబద్ధం కూడా కాదు, అతను చేసిందల్లా అదే. పక్క వీధి అద్దకంవాళ్ళు అది విని, మబ్బులో గుడ్డలారేసి, దండేల మధ్య కదలకుండా నిలబడి, నిండా తడిసి, కార్ఖానా మూసుకున్నారు. "సరిగ్గా నిలబడి ఉండరు," అన్నాడు తమ్ముడు, నిజంగానే జాలిపడుతూ.

ఎండలు ముదిరిన రోజుల్లో ఓ పొద్దున, పొయ్యిగొట్టం పొగ వాలి సరుకు కొట్టు వైపు పాకింది. కొట్టుకు చెక్క కప్పు. లోపల ఆరిన గుడ్డ దూలాల దాకా పేర్చి ఉంది. అక్క తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్, ఇవాళ పెద్ద పొయ్యి వద్దురా. గాలి కొట్టు మీదికి తిరిగింది. రవ్వ ఎగిరిందంటే కష్టం. సాయంత్రానికి వాన కూడా ఉంది, గాలి తగ్గుతుంది. రేపు వెలిగిద్దాం."

తమ్ముడు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. కళ్ళు చికిలించాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఇన్నాళ్ళూ వానంటేనే భయమనుకున్నాను, గాలన్నా భయమేనా అక్కా? వెలిగించండర్రా!"

పెద్ద పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీసింది కూతురే.

మధ్యాహ్నం దాటాక కొట్టు కప్పు మూల నుంచి సన్నగా పొగ లేచింది. మనుషులు చూసేసరికే అది మంట. బావి నీళ్ళు తోడి పోశారు. చాలక కాగుల్లో రంగునీళ్ళు పోశారు, ఎర్రనీళ్ళు, నీలినీళ్ళు, చేతికందినవన్నీ. మంట తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. అప్పుడు ఉరిమింది. సాయంత్రం వస్తుందన్న వాన కాస్త ముందే వచ్చింది.

"బతికాం! వానొచ్చింది!" అని వీధిలో కేకలు వేశారు. వీధి చివరి ఇళ్ళ కప్పులు తడిశాయి. ఎదురింటి కప్పు తడిసింది. వాన కార్ఖానా ప్రహరీ దాకా వచ్చి ఆగిపోయింది. గోడకు అవతలి వైపు నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఇవతల ఒక్క చుక్క లేదు. పెరడు నడిమధ్యలో తమ్ముడు నిలబడి ఉన్నాడు.

అక్క చేతిలో బకెట్ పడేసి పరిగెత్తింది.

"ఒరేయ్, నువ్వు బయటికి పో! వీధి చివరికి పరిగెత్తు! నువ్వు కదిలితే వాన పడుతుంది!"

"నేను కదిలితే ఎలా అక్కా? నేను కదలకుండా నిలబడబట్టే కదా ఈ కార్ఖానా ఇన్నాళ్ళు నిలిచింది!"

"అది కాదురా! నీ మీద వాన పడదు, అంతే! ఇంకేం లేదు! ఎప్పుడూ ఇంకేం లేదు!"

ఇన్నేళ్ళలో ఆ మాట అతని మొహాన ఎవరూ అనలేదు. పనివాళ్ళు బకెట్లతో నిలబడిపోయారు. తమ్ముడి మొహం పాలిపోయింది. అప్పుడైనా కదిలేవాడేమో. కానీ అందరూ తననే చూస్తున్నారు. కొంప కాలుతున్నా మనిషికి పరువే ముందు.

"ఇదా నా గురించి నువ్వనుకునేది," అని కాళ్ళు ఇంకాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

అక్క అతని చెయ్యి పట్టి లాగింది. రెక్క పట్టి లాగింది. అతను కదల్లేదు. పనివాళ్ళను పిలిచింది, యజమాని ఒంటి మీద చెయ్యెయ్యడానికి వాళ్ళకు ధైర్యం చాల్లేదు. వెనకనుంచి ఎవరో తన నడుము చుట్టూ చేతులు వేసి వెనక్కి ఈడ్చారు. తిరిగి చూస్తే కూతురు.

"వదులమ్మా! మావయ్యకు తెలుసు!"

అక్క తమ్ముడి రెక్క వదిలేసింది. కొట్టు కప్పు కూలింది. మంట అక్కణ్ణుంచి రంగుల గదికీ, అక్కణ్ణుంచి వసారాకీ పాకింది. నాన్నను మంచంతో సహా ఎత్తి వీధిలోకి తెచ్చి, వానలోనే దించారు. ఇక కూలడానికేమీ మిగలనప్పుడు తమ్ముడు చేతులు దించి, ఎవరి వంకా చూడకుండా గేటు దాటి నడిచాడు. అతను ఎదురిల్లు దాటగానే పెరట్లో వాన పడింది. ఎంత పడాలో అంతా పడింది. బూడిద చల్లారి, ఆ బూడిదలోంచి ఎర్రనీళ్ళు వీధి కాలువలోకి పారాయి. కూతురు తల్లి నడుము చుట్టూ వేసిన చేతులు అప్పటికీ తీయలేదు.

గెలిచినన్నాళ్ళు అది తమ్ముడి తెలివి. ఇప్పుడు మాత్రం అందరూ ఒకే మాట అన్నారు: "పాపం, అదృష్టం కలిసిరాలేదు." నాన్న కూడా చుట్టాలింట్లో మంచం మీద పడుకుని, "వాడేం చేస్తాడు, వానే పడలేదు," అన్నాడు. గుడ్డలు మడతపెట్టే ముసలాయనైతే ఊరంతా తిరిగి చెప్పాడు, మంటల మధ్య కూడా కదలకుండా నిలబడ్డ మగాడని.

ఆ మాట ఉప్పుమళ్ళ యజమాని చెవిన పడింది. సముద్రం ఒడ్డున మళ్ళలో ఉప్పు పండించడానికి అలాంటి గుండెదిటవు ఉన్న మనిషి కావాలని తమ్ముణ్ణి పిలిచి పెత్తనం ఇచ్చాడు. ఆ ఏడు వానలకు చుట్టుపక్కల మళ్ళన్నీ కరిగిపోయాయి, అతని మళ్ళలో ఉప్పు కుప్పలు పడింది. నక్క తోక తొక్కినవాడు ఎక్కడికెళ్ళినా అంతే. మేనకోడల్ని కూడా వచ్చెయ్యమని కబురు పెట్టాడు. ఆ పిల్ల రానంది. ఎందుకో చెప్పలేదు.

అక్క పని కోసం ఊళ్ళో మిగిలిన అద్దకం కార్ఖానాలన్నీ తిరిగింది. ఎర్రబడ్డ చేతులు చూసి గుర్తుపట్టి, "ఆ కాలిపోయిన చోట పొయ్యిలు చూసుకునేది మీరే కదా?" అని మర్యాదగా అడిగి, మర్యాదగానే పంపించేశారు. పొయ్యి వద్దన్నది తనేనని ఎన్నో గుమ్మం దగ్గరో చెప్పడం మానేసింది.

ఇప్పుడు తల్లీ కూతుళ్ళు మేడ మీద ఓ అద్దె గదిలో ఉంటున్నారు. తలుపు పక్కన గూడు లేదు, కిటికీలో సీసా మూత మీద ఓ ఉప్పుగడ్డ ఉంది. అది అక్క పెట్టింది కాదు. పొద్దున్నే కూతురు దాన్ని వేలితో తాకి, కిటికీలోంచి ఎదురింటి పొగ కేసి చూసి, నోరు తెరవడానికి జంకి, తల్లి వైపు తిరుగుతుంది.

"ఎలా ఉందమ్మా ఇవాళ?"

అక్క మంచం మీది నుంచి లేచి వచ్చి, తనూ తాకి చూస్తుంది.

"ఆరేయొచ్చు. చీకటి పడేదాకా చినుకు పడదు."

మేడ మీది తీగకు వాళ్ళిద్దరివీ చెరో జత బట్టలు ఆరేస్తారు. చీకటి పడేదాకా చినుకు పడదు.